ఆయన టెస్టు ఆడలేదు

మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఇరవై ఓవర్ల ఆట ఏదో వస్తుంటే, చూడాలని కాదు గానీ ఇంట్లో మనిషి గొంతంటూ ఒకటి వినబడుతూ ఉండాలని పెట్టుకుని కూర్చున్నాను. ఆట ముగిశాక వెస్టిండీస్ నుంచి వచ్చిన ఆటగాడొకరి చేతికి మైకిచ్చారు. అతను తన యాసలో చాలాసేపు మాట్లాడాడు, పక్కన నిలబడ్డ అమ్మాయి నవ్వు చెదరకుండా దాన్నంతా హిందీలో రెండు ముక్కల్లో చెప్పేసింది, జనం చప్పట్లు కొట్టారు. నేను లేచి టీవీ కట్టేశాను. ముప్పై ఏళ్లు దాటిపోయాయి, అయినా అలాంటి చప్పట్లు వింటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఎందుకో నా ఈడువాళ్లతో చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను. నేను చదివింది మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు నాన్న పలక మీద దిద్దించినవే, కాబట్టి ఒత్తులు ఎక్కడైనా తప్పితే సర్దుకోండి.

మా నాన్న కరీంనగర్ జిల్లా నుంచి సాస్తి బొగ్గుగనిలో పనికి వచ్చినవాడు. నేను కాలేజీలో ఉండగా జబ్బు చేసి పోయాడు. ఆయన ఉద్యోగం అన్నయ్యకు వచ్చింది, ఆ వెంటనే మాజ్రిలో క్వార్టరు, ఆ వెనకే వదిన. ఆ వరసలో అమ్మా నేనూ ఎక్కడా ఇమడక, చాందాలో జట్‌పురా గేటు దగ్గర ఒక గది అద్దెకు తీసుకున్నాం. బోర్డుల మీద చంద్రపూర్ అని రాస్తారు గానీ మా నోట్లో అది ఎప్పుడూ చాందానే. తొంభైల మొదటి రోజులవి. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాసేవి, సందుకొక ఎస్టీడీ బూతు వెలిసింది, నిన్నటిదాకా పేరు వినని కంపెనీలు ఊరి బయట పొలాల్లో రేకుల షెడ్లు లేపాయి. అలాంటి ఒక ప్రైవేటు కంపెనీలో నేను టైపిస్టుగా చేరాను. దాని పేరు చెప్పను, ఆ పేరు ఇప్పుడు లేనూ లేదు. నాది పర్మినెంటు ఉద్యోగం కాదు. ఆర్నెల్లకోసారి ఒక కాగితం పొడిగించేవారు, ఆ కాగితం వచ్చేదాకా అమ్మ రోజూ మహాకాళికి మొక్కేది.

మా యజమాని బొంబాయిలో ఉండేవారు. ఆయనకు క్రికెట్ పిచ్చి ఎంతో, పేరు పిచ్చి అంతకు నాలుగింతలు. చుట్టుపక్కల కంపెనీలన్నిటికీ కలిపి పోటీలు పెట్టాలనీ, మన జట్టుకు ఒక విదేశీ ఆటగాణ్ణి తేవాలనీ ఆయనకు తోచింది. మరుసటి చలికాలం నాటికి, ఆరడుగులు దాటిన నల్లటి మనిషి ఒకాయన చేతిలో పొడుగాటి సంచితో మా ఆఫీసు గుమ్మంలో తల వంచి లోపలికొచ్చి నిలబడ్డారు. పుట్టింది కరీబియన్‌లో ఒక చిన్న దీవిలో, బతుకంతా గడిచింది ఇంగ్లండులో. అందరూ కోచ్ సాబ్ అనేవారు. నేను సార్ అనేదాన్ని.

ఆయన మాట ఎవరికీ అందేది కాదు. ఇంగ్లీషే గానీ అది నదిలా సాగేది, మాటకూ మాటకూ మధ్య గట్టు కనిపించేది కాదు. మా పర్సనెల్ ఆఫీసరు గారు నాగపూర్‌లో ఇంగ్లీషు మీడియంలో చదివిన మనిషి, ఆయనకే రెండు రోజుల్లో తలనొప్పి పట్టుకుంది. నాకు మాత్రం ఒక సదుపాయం ఉంది. షార్ట్‌హ్యాండులో స్పెల్లింగు ఉండదు, శబ్దమే ఉంటుంది. ఏం విన్నానో అది గీతల్లో గీసుకుని, తర్వాత తీరిగ్గా చదువుకుంటే ఆయనేమన్నారో తెలిసిపోయేది. వారం పది రోజులకు గీతలతో పని లేకుండానే అర్థం కాసాగింది. అలా ఆయన మాటకు నేను పూచీదారునయ్యాను. గ్రౌండులో కుర్రాళ్లకు హిందీలో చెప్పాలన్నా, మెస్సులో కూర కారం తగ్గించమనాలన్నా నన్ను పిలిచేవారు.

ఆయన వివరాలన్నీ ఒక కాగితం మీద టైపు చేయమని ఆఫీసరు గారు పురమాయించారు. గంటలో కావలసిన పని నాలుగు మధ్యాహ్నాలు పట్టింది, ఎందుకంటే అంతకు ముందు ఆయన్ను కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేరేమో, ఒకటడిగితే పది చెప్పేవారు. వాళ్ల నాన్న చెరకు కొట్టేవాడట. అమ్మ అక్కడి దొరల క్లబ్బులో ఆటగాళ్ల తెల్లబట్టలు ఉతికేదట. చిన్నప్పుడు ఆ ఆరేసిన ప్యాంట్ల మధ్య పరిగెత్తడమే తనకు మొదటి రనప్ అని నవ్వారు. పంతొమ్మిదేళ్లకు ఇంగ్లండులో ఉన్న మేనత్త దగ్గరికి వెళ్లి, రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి పని చేస్తూ శనివారాలు బంతి వేశారు. అది చూసి ఉత్తరాన ఒక చిన్న ఊరి క్లబ్బు జీతమిచ్చి పెట్టుకుంది. అక్కడ జట్టులో జీతగాడు ఒక్కడే ఉంటాడట, మిగతా పదిమందీ ఊళ్లో కసాయివాళ్లూ బడిపంతుళ్లూ. గెలిస్తే ఊరు గెలిచినట్టు, ఓడితే జీతగాడు ఓడినట్టు. అలా ఒక ఊరి తర్వాత ఒక ఊరు, మూడు వేసవులు పెద్ద కౌంటీ జట్టులో, మోకాలు పాడయ్యాక మళ్లీ చిన్న ఊళ్లే.

చివరి మధ్యాహ్నం ఒక సంగతి చెప్పారు. వాళ్ల దీవుల జట్టు ఇంగ్లండు పర్యటనకు వచ్చినప్పుడు ఒక బౌలరుకు కాలు బెణికింది. దగ్గర్లో ఉన్నాడు కదా అని ఈయనకు కబురు చేశారు. రైలెక్కి తెల్లారేసరికి చేరుకున్నారు. ఆ జట్టు స్వెట్టరు ఇచ్చారు, వేసుకున్నారు. ఆట మొదలయ్యే ముందు కెప్టెన్ వచ్చి భుజం మీద చెయ్యి వేసి, నువ్వు పన్నెండోవాడివి అన్నాడు. ఆ టెస్టు అయిదు రోజులూ ఆడేవాళ్లకు నీళ్లు మోశారు. అయిదో రోజు సాయంత్రం స్వెట్టరు మడిచి తిరిగిచ్చేశారు. మళ్లీ ఎవరూ పిలవలేదు.

"అది కూడా రాయి," అన్నారు. "ఆడలేదు, నీళ్లు మోశాను అని రాయి. అది జరిగింది కాబట్టి."

నేను రాశాను. ఆఫీసరు గారు చదివి ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, దీన్ని టెస్ట్ ప్లేయర్ అని మార్చు అన్నారు. అయిదు రోజులు జట్టుతోనే ఉన్నాడు కదా, ఆడినట్టేనట. యజమాని కూడా బొంబాయిలో అందరికీ అలాగే చెప్పుకున్నారట. మార్చాను. కాగితం పొడిగించే నెల అది. ఆ మాటే తర్వాత ఇంగ్లీషులో, మరాఠీలో అచ్చయిన కరపత్రంలోకి కూడా ఎక్కింది.

ఆయన ఒంటరితనం గురించి ఇక్కడ కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. గెస్ట్‌హౌసులో ఒక్కరే ఉండేవారు. ప్రాక్టీసు అయ్యాక తెల్లబట్టలు బొగ్గుధూళికి బూడిదరంగయ్యేవి. వాటిని చాకలికి ఇవ్వకుండా తానే ఉతికి తీగ మీద ఆరేసుకునేవారు. ఆదివారాలు ఎస్టీడీ బూతులో కూర్చుని ఇంగ్లండులో తల్లి దగ్గర ఉన్న కూతురికి ఫోను కలిపించుకునేవారు. గంటలు కూర్చున్నా ఒక్కోసారి కలిసేది కాదు, కలిసిన రోజున అవతల గొంతు వినగానే ఈయనకు మాటలు తోచేవి కావు. బజార్లో పిల్లలు ఆయన రంగు మీద ఏవో అరుస్తూ వెంటపడితే నవ్వుతూ చేతులు ఊపేవారు గానీ, ఏమంటున్నారని నన్నెప్పుడూ అడిగేవారు కాదు. అడక్కుండానే ఆయనకు తెలిసిపోయిందనిపించి నేనూ చెప్పేదాన్ని కాదు. ఒకసారి నా డబ్బాలో అమ్మ పెట్టిన సర్వపిండి ముక్క ఇస్తే నమిలి, కాసేపు కళ్లు మూసుకుని, వాళ్ల నానమ్మ కర్రపెండలం పిండితో ఇలాగే గిన్నెకు ఒత్తి కాల్చేదని చెప్పారు. అది విన్నప్పటి నుంచి అమ్మ వారానికోసారి ఆయన వంతు కూడా చేసేది. ఒక్కసారైనా ఆయన్ను చూడలేదు గానీ, "ఆ సారు తిన్నడా?" అని మాత్రం అడిగేది.

పోటీలు మొదలయ్యే ముందు రోజు ఆయన కరపత్రం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. ఆ రెండు మాటల మీద వేలు పెట్టారు. నేను తలొంచుకుని, మార్చమన్నారు అని మాత్రం అన్నాను. ఆయన నేరుగా ఆఫీసరు గారి గదిలోకి వెళ్లారు. అయిదు నిమిషాల్లో బయటికి వచ్చేశారు. పోటీలు కానివ్వండి, తర్వాత చూద్దామన్నారట.

మర్నాడు పొద్దున గ్రౌండులో షామియానా వేశారు. బొంబాయి నుంచి యజమాని వచ్చారు, జిల్లా అధికారులు వచ్చారు, గనుల దగ్గరి నుంచి లారీల్లో జనం వచ్చారు. మైకులో ఆయన్ను టెస్ట్ ప్లేయర్ అని పరిచయం చేసి దండ వేశారు. నన్ను పక్కన రెండో మైకు దగ్గర నిలబెట్టారు. ఆయన దండ తీసి బల్ల మీద పెట్టి, మైకును తన ఎత్తుకు పైకి లాక్కుని, నాకు ఒక్క అక్షరం కూడా తప్పిపోకుండా ఉండాలని కాబోలు, ఎన్నడూ లేనంత నెమ్మదిగా మాట్లాడారు. నన్ను టెస్టు ఆటగాడన్నారు, నేను కాను, ఒక టెస్టులో నీళ్లు మోశాను, అయిదు రోజులు. ఇది చెప్పకుండా మీ పిల్లలకు బంతి వేయడం నేర్పలేను. అంతే. చెప్పి నా వైపు చూశారు.

ఆఫీసరు గారూ నా వైపే చూశారు. ఆయన మొహంలో కోపం కూడా లేదు, నేనేం చెయ్యాలో నాకు తెలుసన్న ధీమా ఉంది. ఆ క్షణంలో నాకు కనిపించింది అమ్మ, ఆ గది, ఆ పొడిగింపు కాగితం. నేను మైకు దగ్గరికి జరిగి హిందీలో, ఈ చంద్రపూర్ నేల మీద ఆడటం తన అదృష్టమనీ, ఇక్కడి పిల్లలకు తనకు తెలిసిందంతా నేర్పుతాననీ సారు అంటున్నారని చెప్పాను.

చప్పట్లు మోగాయి. వేదిక మీద ఇంగ్లీషు తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్లూ కొట్టారు. యజమానే ముందు కొట్టారు. ఆయన ఆ చప్పట్లను కాసేపు తల ఒకవైపు వాల్చి విన్నారు, తర్వాత నా దగ్గరికి వచ్చి థాంక్యూ అన్నారు.

ఆ థాంక్యూ నన్ను తినేసింది. తన నిజాన్ని విని ఊరు చప్పట్లు కొట్టిందని నమ్ముతున్నారు పాపం, అనుకున్నాను. సాయంత్రం అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతూ వింది. "నౌకరి నిలవడ్డది గద, ఊకో," అంది. తర్వాత చాట పక్కన పెట్టి, "మరి ఆయన మాట ఆయన నోట్లెనే ఉండిపాయె గద బిడ్డా," అంది. ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు. ఆఫీసులో మాత్రం నా సమయస్ఫూర్తిని ఆఫీసరు గారు నలుగురి ముందూ మెచ్చుకున్నారు.

పోటీల్లో మా జట్టు సెమీఫైనల్లో ఓడిపోయింది. ఆ రోజు ఆయన మోకాలికి పట్టీ కట్టుకుని చాప పరిచిన పిచ్ మీద ఏకబిగిన బంతులు వేశారు. ఆట తెలియని నాకు కూడా ఆ పరుగు చూస్తుంటే ఏదో పెద్ద పక్షి నేల విడవబోయి విడవలేక ఆగినట్టు అనిపించింది. ఓడిపోగానే యజమానికి ఉత్సాహం చల్లారింది. హోలీ ముందరే, ఇక మీ అవసరం లేదని కాగితం వచ్చింది. అదీ నేనే టైపు చేశాను. ఇంగ్లండులో తెలిసిన క్లబ్బులన్నిటికీ ఉత్తరాలు చెప్పి రాయించారు, ఈసారి నేను ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. నీళ్లు మోసిన సంగతి ప్రతి దాంట్లోనూ ఉంది. క్లబ్బుల నుంచి జవాబులు రాలేదు. ఒక బడి నుంచి మాత్రం వచ్చింది, ఆడటానికి కాదు, వాళ్ల ఆటస్థలంలో గడ్డి పెంచి పిచ్ చదును చేసే పనికి. ఆయన రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, గడ్డి ఓడిపోదు కదా అన్నారు.

వెళ్లే రోజు స్టేషనుకు నేనొక్కదాన్నే వెళ్లాను. ఆఫీసు జీపు ఆయన్నూ సంచినీ దింపి వెళ్లిపోయింది. నాగపూర్ వైపు బండి ఆలస్యం. బెంచీ మీద ఒక చివర ఎర్రంచు చీర కట్టుకున్న ముసలామె మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మాజ్రి గనిలో పనిచేసే కొడుకు దగ్గరికి పోతోందని తర్వాత తెలిసింది. మేము పక్కన నిలబడ్డాం. అమ్మ ఇచ్చిన సర్వపిండి పొట్లం ఆయన చేతిలో పెట్టాను. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని తెలిసి, ఆ రోజు వేదిక మీద మీ మాట నేను చెప్పలేదు, వేరేది చెప్పాను అన్నాను. చెబుతుంటేనే ఏడుపొచ్చింది.

ఆయన ఆశ్చర్యపోలేదు.

"తెలుసు," అన్నారు. "ఇరవై ఏళ్లు చప్పట్ల మధ్య బతికాను. ఆ మాట విన్నవాళ్లు అలా కొట్టరు."

మరి థాంక్యూ ఎందుకన్నారని అడిగాను. నువ్వు ముందు ఆఫీసరు మొహం చూశావు, నీ మీద ఒక ఇల్లు ఆధారపడి ఉందని నాకు తెలుసు అన్నారు. అన్ని నెలలూ ఆయన మోసపోయారని నేను బాధపడుతూ, నేను బాధపడుతున్నానని ఆయనకు తెలిసి కూడా ఎలా ఎత్తాలో తోచక ఊరుకుంటూ, ఒకే ఆఫీసులో ఎదురెదురుగా తిరిగామన్నమాట. కాసేపటికి ఆయన ఒక కోరిక కోరారు. ఈ ఊళ్లో ఆ మాట ఒక్కసారైనా ఎవరి నోటైనా వినాలని ఉంది, మీ ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పు అన్నారు.

నేను అటూ ఇటూ చూసి, అమ్మతో మాట్లాడినట్టే చెప్పాను. "ఈ సారు టెస్టు ఆడలేదు. ఆడెటోళ్లకు అయిదు దినాలు నీళ్లు మోసిండు."

ఆయన తల వాల్చి విన్నారు. మళ్లీ చెప్పమంటారేమో అనుకుంటుండగా, బెంచీ చివరి నుంచి ముసలామె మా వైపు తిరిగి, ఎన్నాళ్లుగానో తెలిసినదానిలా, "నీళ్లు మోసుడు తక్కువ పనా బిడ్డా? దూపైనోనికే ఎరుక," అంది.

ఏమంది అని ఆయన అడిగారు. ఈసారి నేను తొందరపడలేదు. నీళ్లు మోయడం తక్కువ పనా, దాహమైనవాడికే దాని విలువ తెలుస్తుంది అంటోంది సార్ అని, ఒక్క ముక్క కూడా పోనివ్వకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆ ఆరడుగుల మనిషి ముసలామె ముందు వంగి నమస్కారం పెట్టారు. ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది, ఆయన కూర్చున్నారు. పొట్లం విప్పి ముగ్గురం సర్వపిండి తిన్నాం. బండి వచ్చాక ఆమె మూట తన భుజానికెత్తుకుని, ఆమెను పెట్టెలో ఎక్కించి, తర్వాత తన సంచి అందుకున్నారు. వాళ్లిద్దరూ భాష లేకుండా మాజ్రి దాకా ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

తర్వాతి చలికాలం ఒక కార్డు వచ్చింది, గడ్డి బాగుందని, కూతురు శనివారాలు వస్తోందని. నేను జవాబు రాశాను. ఆ పైన మరి కార్డులు రాలేదు. నన్ను పర్మినెంటు చేశారు, నాకు పెళ్లయింది. కంపెనీకి రెండుసార్లు పేరు మారింది, గ్రౌండులో గోదాము లేచింది, అమ్మ పోయింది, నేను పింఛనుకు వచ్చాను.

ఇప్పుడు నాగపూర్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి పోవాలంటే అదే స్టేషనులో బండెక్కుతాను. బెంచీలు స్టీలువి వేశారు, మనిషికొక కుర్చీ, మధ్యలో కడ్డీ. ఒకరికి ఒకరు జరిగి చోటివ్వాల్సిన పని లేదు. అందరి చెవుల్లోనూ ఏవో ఉంటాయి, ఎవరికి కావలసింది వాళ్లకు వినిపిస్తూనే ఉంటుంది. పక్కవాళ్ల మాట పొరపాటున చెవిన పడి, అడక్కుండానే దానికొక జవాబిచ్చే మనుషులు ఎటుపోయారో తెలియదు. అప్పుడప్పుడు బండి ఆలస్యమైతే నేను, పక్కన ఎవరూ లేకపోయినా, ఎండ బాగా ముదిరిందనో, బండి ఇంకా రాలేదనో తెలుగులో కాస్త గట్టిగానే అంటాను. అని కాసేపు ఆగి చూస్తాను.